బ్రెస్ట్ పంపు వాడకం: కొలతలు, పద్ధతి, చిక్కులు – నా అనుభవం

పంపు కొనబోయే బాలింతలు ఎక్కువగా అడిగేది దేని మోటార్ గట్టిగా లాగుతుందని. నెలల తరబడి వాడాక, తోటి తల్లులకు అమర్చి చూపించాక నాకు తేలిందేమిటంటే, లాగే బలం ఆఖరున చూడాల్సిన సంగతి. పాలు చేపుకు వస్తేనే బయటికొస్తాయి. చనుమొన దగ్గరి నరాలకు స్పర్శ తగిలితే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది పాలగ్రంథులను చుట్టుకుని ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది, పాలు నాళాల్లోకి దిగుతాయి. నొప్పి, కంగారు ఈ చేపును అడ్డుకుంటాయి. పళ్లు బిగబట్టి సక్షన్ (లాగే బలం) ఎక్కువ పెట్టుకున్న తల్లి కంటే, ఓ మోస్తరుగా పెట్టుకుని హాయిగా కూర్చున్న తల్లికే పాలు ఎక్కువ రావడం తరచూ చూస్తాం. ఏ పంపు కొనాలి, ఏ సైజు గరాటు (ఫ్లాంజ్) పెట్టాలి, ఎంతలో నడపాలి అన్నవన్నీ దీన్ని బట్టే తేల్చుకోవాలి.

బిడ్డ చక్కగా చీకుతూ ఉండి, అప్పుడప్పుడు ఒక పూట పాలు తీసి పెట్టాలంటే చేతి పంపు చాలు. చప్పుడుండదు, కరెంటు అక్కర్లేదు, ఎంత వేగంగా ఎంత గట్టిగా లాగాలో మీ చేతిలోనే ఉంటుంది. రోజూ వాడితే మాత్రం మణికట్టు పట్టేస్తుంది. ఉద్యోగానికి వెళ్తూ రోజుకు రెండు మూడుసార్లు తీయాల్సినవారికి రెండు వైపులా ఒకేసారి లాగే ఎలక్ట్రిక్ పంపు కావాలి. పట్టే సమయం సగానికి తగ్గుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్న బిడ్డ కోసమో, బిడ్డ అసలు రొమ్ము పట్టకపోతేనో తీయాలంటే, పాలు నిలదొక్కుకునే మొదటి వారాల్లో ఆసుపత్రుల్లో వాడే పెద్ద పంపును అద్దెకు తీసుకోవడం మేలు. పెట్టె మీద ‘హాస్పిటల్ గ్రేడ్’ అని ఉన్నంత మాత్రాన అది ఆ పంపు అయిపోదు. ఆ మాటకు ఒక ఖచ్చితమైన ప్రమాణం లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఒకరి తర్వాత ఒకరు వాడేందుకు తయారు చేసినదా, మోటార్‌లోకి పాలు వెళ్లకుండా అడ్డు ఉందా అన్నవి చూడాలి.

ఆ అడ్డు సంగతి ఇంట్లో వాడే పంపులకూ ముఖ్యమే. పాలు పడే భాగానికీ మోటార్‌కు వెళ్లే ట్యూబుకూ మధ్య పలుచటి సిలికాన్ పొర (డయాఫ్రమ్) ఉంటే దాన్ని క్లోజ్డ్ సిస్టమ్ అంటారు. అది లేకపోతే పాల ఆవిరి, ఒక్కోసారి పాలే ట్యూబు దాటి మోటార్‌లోకి చేరతాయి. లోపల బూజు పడితే కడిగే దారి లేదు. ఎవరో వాడిన ఓపెన్ సిస్టమ్ పంపును కొత్త ట్యూబులు వేసుకుని వాడుకుందామనుకోవద్దు. ఒక్కరి కోసం చేసిన పంపు ఒక్కరిదగ్గరే ఉండాలి.

బ్రా లోపల పెట్టుకునే పంపుల మీద చాలామందికి ఆశ ఎక్కువ. చేతులు ఖాళీగా ఉండటం నిజంగా పెద్ద సౌకర్యమే. అయితే చాలావాటిలో చనుమొన సరిగ్గా మధ్యలో ఉందో లేదో సరిగా కనిపించదు, కప్పు చిన్నది, వంగితే పాలు ఒలుకుతాయి, కడగాల్సిన ముక్కలు ఎక్కువ. మామూలు పంపుతో పాలు నిలదొక్కుకున్నాక రెండో పంపుగా బాగుంటాయి, ఒక్కటే కొనేటట్టయితే నేను వాటిని చెప్పను. ఇక ఒక వైపు బిడ్డ తాగుతుంటే రెండో వైపు అతికించే సిలికాన్ కప్పులున్నాయి. కారిపోయే పాలు పట్టుకోవడానికి అవి మంచివే. మొదటి వారాల్లో ప్రతి పూటా గట్టిగా నొక్కి అతికిస్తే మాత్రం అవీ లాగుతాయి, అక్కర్లేనంత పాలు పడి రొమ్ములు గడ్డకడతాయి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఫ్లాంజ్ దగ్గర. ఫ్లాంజ్ అంటే రొమ్ముకు ఆనించే గరాటు. దాని మీద ఉండే అంకె గరాటు మూతిది కాదు, చనుమొన దూరే గొట్టం లోపలి వ్యాసం. పెట్టెలో సాధారణంగా 24, 28 మిల్లీమీటర్లవి వస్తాయి. చాలామందికి అవి పెద్దవవుతాయి. 15 నుంచి 21 లోపు సరిపోయేవాళ్లు బోలెడంత మంది ఉంటారు, వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

కొలిచే పద్ధతి ఇదీ. పాలు తీయకముందు, బిడ్డ తాగకముందు, చనుమొనను వేలితో కాస్త తాకి నిలబడేలా చేసి, స్కేలు అడ్డంగా పెట్టి దాని మొదలు దగ్గర వెడల్పు చూడాలి. చుట్టూ ఉన్న నల్లటి వలయం లెక్కలోకి రాదు. వచ్చిన అంకెకు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు కలిపితే మొదట ప్రయత్నించాల్సిన సైజు. చనుమొన 16 ఉంటే 17, 18, 19 సైజుల్లో ఏదో ఒకటి కుదురుతుంది. రెండు వైపులా ఒకే కొలత ఉండాలని లేదు, విడివిడిగా కొలవండి. కాన్పు సమయంలో సెలైన్ ఎక్కించి ఉంటే మొదటి రోజుల్లో ఒంట్లో నీరు చేరి అన్నీ ఉబ్బి ఉంటాయి కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. కొత్త ఫ్లాంజ్ కొనకుండా, ఉన్న 24 గొట్టంలో దూర్చుకునే సిలికాన్ ఇన్సర్టులు దొరుకుతాయి. ముందు వాటితో సైజు తేల్చుకోవడం సులువు.

అంకె కంటే కళ్లకు కనిపించేది నమ్మకమైనది. పంపు నడుస్తుండగా గొట్టంలోకి చూడండి. సైజు కుదిరితే చనుమొన ఒక్కటే ముందుకూ వెనక్కూ ఆడుతుంటుంది. నల్లటి వలయం కూడా లోపలికి వెళ్తూ, తీశాక చుట్టూ ఉబ్బి ఉంగరంలా గుర్తు పడితే గొట్టం పెద్దది. చనుమొన గోడలకు రాసుకుంటూ, మొదలు దగ్గర కోసుకుపోతూ, తీసేసరికి తెల్లగా పాలిపోయి ఉంటే గొట్టం చిన్నది. సైజు సరిగ్గా ఉన్నా తీసిన తర్వాత చనుమొన తెల్లబడి, నీలంగా మారి, మళ్లీ ఎర్రబడుతూ సలుపుతుంటే అది రక్తనాళాలు బిగుసుకోవడం. వెంటనే పొడి వెచ్చటి గుడ్డ అద్దితే తగ్గుతుంది. సక్షన్ కూడా తగ్గించాలి.

కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు పంపు కంటే చెయ్యే మెరుగు. ముర్రుపాలు చిక్కగా, కొద్దిగా ఉంటాయి. మొదటి రోజు బిడ్డకు ఒక పూటకు 2 నుంచి 10 మి.లీ. చాలు. పంపులో తీస్తే అందులో చాలా భాగం పంపు ముక్కలకే అంటుకుపోతుంది. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండున్నర మూడు సెంటీమీటర్లు వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చెంచాలోకో సిరంజిలోకో పట్టాలి. బిడ్డ తల్లి దగ్గర లేకపోతే వీలైతే మొదటి గంటలోనే, లేదంటే ఆరు గంటల్లోపు తీయడం మొదలుపెట్టాలి. తర్వాత రోజుకు కనీసం 8 సార్లు, రాత్రిపూట కూడా ఒకసారి లేచి తీయాలి. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. రెండు వారాలకల్లా రోజుకు 500 నుంచి 750 మి.లీ.కి చేరితే పాలు నిలబడ్డట్టే.

బిడ్డ దగ్గరే ఉండి చక్కగా తాగుతుంటే అంత తొందర అక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగవచ్చు, ఉద్యోగానికి వెళ్లేవారు రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే సరిపోతుంది. పొద్దున్న మొదటి పాలు ఇచ్చిన అరగంటకో గంటకో తీయడం తేలిక, ఆ వేళకు చాలామందికి పాలు ఎక్కువగా ఉంటాయి.

తీసే విధానం. చేతులు కడుక్కోవాలి. ముక్కలన్నీ బిగించాక ట్యూబులో తడి లేదని చూడాలి. రొమ్ము మీద రెండు నిమిషాలు గోరువెచ్చటి గుడ్డ వేసి, అరచేత్తో చనుమొన వైపు మెల్లగా నిమరాలి. గరాటు అంచు చర్మానికి గాలి దూరకుండా ఆనాలి, కానీ గట్టిగా అదమకూడదు, నాళాలు నొక్కుకుపోయి పాలు ఆగుతాయి. కొంచెం ముందుకు వంగి కూర్చుంటే పాలు వెనక్కి కారవు. మొదట వేగంగా, తేలిగ్గా లాగే మోడ్‌లో, అన్నిటికంటే తక్కువ స్థాయిలో నడపాలి. బిడ్డ కూడా పాలు దిగేదాకా గబగబా చీకి, దిగాక నిదానంగా గుటకలేస్తుంది. పంపులో ఈ రెండు మోడ్‌లు పెట్టింది అందుకే. ఒకటి రెండు నిమిషాల్లో రొమ్ములో జివ్వుమన్నట్టు ఉండి, చుక్కలు ధారగా మారతాయి. కొందరికి ఏమీ తెలియదు, ధార చూసి పోల్చుకోవాలి. అప్పుడు నెమ్మదిగా, లోతుగా లాగే మోడ్‌కు మార్చాలి. సక్షన్‌ను ఒక్కో మెట్టు పెంచుతూ పోయి, ఇబ్బంది అనిపించిన చోట ఒక మెట్టు దిగాలి. మీ స్థాయి అదే. పక్కింటావిడ ఎంతలో పెట్టుకుంటుందన్నది మీకు పనికిరాదు. స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ చర్మం దెబ్బతినకుండా ఎంతవరకు లాగవచ్చో లెక్కగట్టి 1956లోనే ప్రచురించాడు. ఇప్పటి ఇంటి పంపుల్లో చాలావాటి గరిష్ఠ పీడనం 250 ఎంఎంహెచ్‌జీ (పాదరస మిల్లీమీటర్లు, పీడనం కొలత) చుట్టుపక్కల ఉంటుంది. అంతదాకా వెళ్లాల్సిన అవసరం ఎక్కువమందికి రాదు.

ధార తగ్గి చుక్కలయ్యాక మళ్లీ వేగం మోడ్‌కు మార్చి రెండు నిమిషాలు ఉంచితే చాలామందికి రెండోసారి చేపు వస్తుంది. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు. తీస్తున్నంతసేపూ రొమ్మును చేత్తో నొక్కుతూ, చివర్లో రెండు మూడు నిమిషాలు చేత్తో పిండితే మిగిలినవి వస్తాయి, కొవ్వు ఎక్కువగా ఉండేది వాటిలోనే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డాక్టర్ జేన్ మోర్టన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నెలలు నిండని పిల్లల తల్లులు పంపుకు చేతి పనిని జోడిస్తే పాలు బాగా పెరిగాయని తేలింది. ఖర్చు లేని పద్ధతి ఇది, నేను అందరికీ ముందు చెప్పేది దీన్నే. ఫ్లాంజ్ తీసేటప్పుడు లాక్కోకుండా, అంచు దగ్గర వేలు దూర్చి గాలి వదిలి తీయాలి.

సీసాలో ఎంత పడాలి? బిడ్డ తాగిన తర్వాత, పూటలకు మధ్య తీస్తే రెండు వైపులా కలిపి 15 నుంచి 60 మి.లీ. మామూలే. ఒక పూట పాలకు బదులుగా తీస్తే 60 నుంచి 120. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు సగటున 750 మి.లీ. దాకా తాగుతుంది. ఆ వయసులో ఇది పెద్దగా పెరగదు. బిడ్డకు దూరంగా ఉండే ప్రతి గంటకూ 30 నుంచి 45 మి.లీ. లెక్కేసుకుంటే, తొమ్మిది గంటలకు 270 నుంచి 400 చాలు. ఫ్రీజర్ నిండా పాల సంచులు పేర్చిన ఫోటోలు చూసి కుంగిపోవద్దు. ఒక రోజు ముందుంటే ఉద్యోగం నడుస్తుంది. పనిచోట మూడు గంటలకొకసారి తీస్తే సరిపోతుంది. సీసా మీద చిన్న గుడ్డ తొడిగి అంకెలు కనపడకుండా చేసుకుని, బిడ్డ చొక్కా దగ్గర పెట్టుకుని తీయండి. సీసాలోకి చూస్తూ కూర్చుంటే చేపు రాదు.

పాలు తగ్గుతున్నట్టుంటే గంటసేపు ఇలా చేయవచ్చు: 20 నిమిషాలు తీసి, 10 ఆగి, 10 తీసి, 10 ఆగి, మళ్లీ 10 తీయడం. రోజుకు ఒకసారి, వరుసగా కొన్ని రోజులు. బిడ్డ మాటిమాటికీ చీకినట్టు ఒంటికి కబురు అందుతుంది. దీనికి ముందు వాల్వు చూసుకోండి. పాలు తగ్గాయని ఏడుస్తూ వచ్చే తల్లుల్లో ఎంతోమందికి తగ్గింది పాలు కాదు, సక్షన్.

వాల్వు అంటే ఫ్లాంజ్ కింద సీసా వైపు ఉండే మెత్తటి ముక్క. బాతు ముక్కులా చివర సన్నని చీలికతో ఉంటుంది, కొన్నిటిలో చిన్న తెల్లటి పొరలా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే చీలిక గీతలా మూసుకుని ఉండాలి. సందులోంచి వెలుతురు కనిపిస్తే అది సాగిపోయింది. బ్రష్‌తో లోపల తోమితే త్వరగా సాగుతుంది కాబట్టి వేళ్లతోనే కడగాలి. రోజంతా తీసేవారు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, అప్పుడప్పుడు తీసేవారు రెండు మూడు నెలలకొకసారి మార్చాలి. ఒక జత ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. వాల్వు బాగానే ఉండి కూడా లాగకపోతే వరుసగా చూడాల్సినవి: డయాఫ్రమ్ తడిగా ఉందా, ముడత పడిందా, ట్యూబు చివర వదులైందా, ఒక్క వైపే వాడుతూ రెండో ట్యూబును తెరిచి వదిలేశారా, బ్యాటరీ నీరసించిందా. అరచేయి ఫ్లాంజ్ మూతికి అడ్డం పెడితే ఏ వైపు లాగడం లేదో వెంటనే తెలుస్తుంది.

కడగడంలో సింకు వాడకూడదు. పంపు ముక్కలకంటూ ఒక గిన్నె, ఒక బ్రష్ విడిగా ఉంచాలి. తీసిన ప్రతిసారీ పాలు తగిలిన ముక్కలన్నీ విడదీసి, పారే నీటిలో తొలిచి, సబ్బు వేసిన వేడినీళ్లలో కడిగి, మళ్లీ తొలిచి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో తుడవకూడదు. బిడ్డకు రెండు నెలలు నిండకపోయినా, నెలలు నిండకుండా పుట్టినా రోజుకొకసారి 5 నిమిషాలు మరగబెట్టాలి. ట్యూబును కడగనక్కర్లేదు. అందులో ఆవిరి పడితే పాలు తీశాక ట్యూబు మాత్రమే తగిలించి పంపును కొన్ని నిమిషాలు నడిపితే ఆరిపోతుంది. నల్ల చుక్కలు కనిపిస్తే పారేయడమే. కడగకుండా ముక్కల్ని ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడే అలవాటు ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన పిల్లల విషయంలో ఎప్పుడో తప్పనిసరైతే తప్ప వద్దు.

నిల్వకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క సులువు: గది వేడి 25 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉంటే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలల్లోపు మేలు, 12 నెలల వరకు ఫరవాలేదు. గది అంతకంటే వేడిగా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఐస్ ప్యాకులున్న సంచిలో 24 గంటలు ఉంటాయి. ఫ్రిజ్ తలుపులో పెట్టవద్దు, లోపలి వైపు పెట్టండి. 60 నుంచి 120 మి.లీ. చొప్పున పోసి, పైన అంగుళం ఖాళీ వదిలి, తేదీ రాసి గడ్డకట్టించాలి. కొత్తగా తీసినవాటిని చల్లారాకే పాత చల్లటి పాలలో కలపాలి. ఫ్రిజ్‌లో కరిగినవి పూర్తిగా కరిగిన దగ్గర్నుంచి 24 గంటల్లో, వెచ్చబెట్టినవి 2 గంటల్లో వాడేయాలి. మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడా మరిగి నోరు కాలుతుంది, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో ఉంచితే చాలు. పైన మీగడలా తేలితే సీసాను మెల్లగా తిప్పి కలపాలి.

కరిగించిన పాలు సబ్బు వాసన వేస్తే పాడయ్యాయని పారబోయకండి. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల ఆ వాసన వస్తుంది. బిడ్డ తాగితే ఏమీ కాదు, వద్దంటేనే సమస్య. అలాంటప్పుడు తర్వాతి పాలను తీసిన వెంటనే గిన్నెలో, అంచుల వెంట చిన్న బుడగలొచ్చేదాకా మాత్రమే వేడిచేసి, మరగనీయకుండా దించి, త్వరగా చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టాలి. ముందు ఒక చిన్న సంచితో పరీక్షించి చూసుకోకుండా నెల సరిపడా పాలు గడ్డకట్టించవద్దు.

రొమ్ములో ఒకచోట గడ్డలా తగిలి నొప్పి పుడితే, ఖాళీ చేసేద్దామని మాటిమాటికీ పంపు పెట్టడం, గట్టిగా నలపడం వద్దు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో మార్చిన సూచనల్లో ఇదే ముఖ్యం. ఎక్కువ తీస్తే ఎక్కువ పడతాయి, వాపు పెరుగుతుంది. రోజూ తీసేంతే తీస్తూ, చల్లటి కాపడం పెడుతూ, విశ్రాంతి తీసుకోవాలి. ఎర్రగా అయి, ఒళ్లు నొప్పులతో జ్వరమొచ్చి ఒక రోజులో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. పాలు ఆపనక్కర్లేదు.

పంపు మానేసేటప్పుడు ఒక్కసారిగా ఆపితే ఈ గడ్డలే వస్తాయి. మూడు నాలుగు రోజులకొక పూట చొప్పున తగ్గించాలి, పొద్దున్నది, పడుకోబోయే ముందుది ఆఖరున వదలాలి. మధ్యలో బరువనిపిస్తే ఇబ్బంది తీరేంత మాత్రమే చేత్తో పిండేయాలి. మోటార్‌ను శుభ్రంగా తుడిచి, బ్యాటరీ ఉన్నదైతే సగం ఛార్జిలో పెట్టి దాచుకోవచ్చు. మళ్లీ మీకే అవసరమైన రోజున ట్యూబులు, వాల్వులు, డయాఫ్రమ్‌లు మాత్రం కొత్తవి వేసుకోవాలి.